ఎర్రోడి నీడ

తెల్లారగానే ఎలీషబా మేకల దొడ్డి ఊడ్చి, రాత్రి మిగిలిన సంగటి నీళ్లలో పిసికి ఎర్రోడికి పోసేది. ఆ కుక్క గుటగుటా తాగి, ఇస్సాకు వెంట మేకల్ని తోలుకొని గుట్టకు పోయేది. తర్లుపాడు దారిలో, పలకరాయి తవ్వి వదిలేసిన గుంతల పక్కన ఆ మొగుడూపెళ్లాల గుడిసె. కూలి దొరకని ఎండాకాలంలో మేకలే వాళ్లకు అన్నం. మేకలకు ఎర్రోడే కాపలా.

ఎలీషబా చేతికి ఒక గుణం ఉండేది. ఆమె ఏ ప్రాణి నీడ మీదైనా పలకరాయి పెట్టిందంటే, రాయి తీసేదాకా ఆ ప్రాణి ఉన్నచోటు వదిలేది కాదు. పాకే పిల్లలు గుంతల వైపు పోకుండా ఉండాలన్నా, తన్నే బర్రెను పితకాలన్నా పల్లెలో వాళ్లు ఆమెనే పిలుచుకుపోయేవాళ్లు.

వానలు వెనకబట్టినాక ఎర్రోడికి దగ్గు పట్టుకుంది. గుట్ట సగం ఎక్కేసరికే కూలబడేది. డొక్కలు లోపలికి పోయి పొట్ట ఉబ్బింది. ఒకరోజు తప్పిపోయిన మేకను మళ్లేస్తా మళ్లేస్తా పక్కకు ఒరిగిపోయింది. ఇస్సాకు దాన్ని భుజాన వేసుకొని మార్కాపురం పశువుల ఆసుపత్రికి నడిచినాడు. ఎలీషబా వెనకే పోయింది.

డాక్టరు చెన్నకేశవరావు కుక్క చెవి నుంచి నెత్తురు చుక్క తీసి మైక్రోస్కోపులో చూసినాడు. ఎలీషబానూ చూడమన్నాడు. సన్నటి పోగుల్లాంటివి నెత్తుట్లో మెలికలు తిరుగుతున్నాయి.

"ఇవి పిల్ల పురుగులమ్మా. తల్లి పురుగులు గుండెలో ఉన్నాయి, జానెడు పొడుగున. దోమ ఒక కుక్కను కుట్టి ఇంకో కుక్కకు అంటిస్తుంది. మీ ఇంటి దగ్గర నిలవ నీళ్లున్నాయా?"

"రాళ్ల గుంతలయ్యా. ఏడాదంతా నీళ్లే."

"అందుకే వచ్చింది. మద్రాసు నుంచి సూదిమందు తెప్పిస్తాను. విడతలుగా నరానికి ఎక్కించాలి. ఆ మందుకు పురుగులు చస్తాయి. అసలు గండం ఆ తర్వాతే. చచ్చినవి ఊపిరితిత్తుల్లోకి పోయి మెల్లగా కరగాలి. నెల రోజులు కుక్క పరుగెత్తకూడదు. పరుగెత్తిందంటే, పురుగు ముక్క అడ్డం పడి ప్రాణం పోతుంది."

"కట్టేస్తే గింజుకుంటాదయ్యా," అన్నాడు ఇస్సాకు.

"కట్టేది లేదు. నీడ మీద రాయి పెడతా," అంది ఎలీషబా.

డాక్టరు తలూపినాడు. "పొద్దుగూకితే నీడ పడేట్టు దీపం పెట్టుకో. దోమలు ముసరకుండా వేపాకు పొగ వెయ్యి. గుంతల్లో కిరసనాయిలు చల్లు."

సూదులన్నీ అయినాయి. ఎలీషబా గుంతల్లో కిరసనాయిలు చల్లింది. రాత్రుళ్లు దీపం పెట్టి, పాత చీరను దోమతెరలా కట్టి ఎర్రోణ్ణి దాని కింద పడుకోబెట్టేది. పగలు ఆరుబయట, పొద్దు తిరిగేకొద్దీ నీడ వెంట రాయిని జరుపుకుంటా పక్కనే కూర్చునేది. కూలికి పోలేదు, చర్చికీ పోలేదు. ఇస్సాకు మేకల్ని గుడిసెకు కనబడేంత దూరంలోనే మేపినాడు. కుక్క మెదలడం లేదని అడవికి తెలిసిపోయినట్టుంది. గుట్ట మీద తోడేలు అడుగులు కనబడసాగినాయి.

ఒక సాయంత్రం, ఎండ ఏటవాలుగా పడే వేళ, మేకలు ఒక్కసారిగా అరిచినాయి. తోడేలు చూలుమేకను మంద నుంచి వేరుచేసి తరుముతా ఉంది. ఇస్సాకు కర్ర పట్టుకొని వాలు మీద పరుగెత్తుతున్నాడు గానీ అందుకునేటట్టు లేడు.

"ఎలీషబా, ఎర్రోణ్ణి వదులు!"

ఎర్రోడు ముందుకాళ్ల మీద లేచింది. ఒళ్లంతా వణుకుతా ఉంది. రాయి దాని తోక నీడ మీద ఉంది. ఎలీషబా చెయ్యి రాయి మీదికి పోయింది. ఆ మేక పోతే ఎండాకాలం గడిచేదెట్ల? వదిలితే గుట్ట చేరేలోపే ఇది కూలిపోతాది. ఇన్నాళ్లూ దాని ఒక్కొక్క ఊపిరినీ ఆమె కాచుకుంది.

"నేను వదల్ను," అని రెండు అరచేతులతో రాయిని అదిమింది.

పాత గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. ఎర్రోడి నీడ తోక కాడ తెగి, కాళ్ల కింద నుంచి ఊడి, సాయంత్రపు పొడుగుతో వాలు మీదికి దూకింది. ఇస్సాకును దాటిపోయింది. తోడేలు మేక గొంతు అందుకోబోతుండగా దాని మీద పడింది. తోడేలు కీచుమని మేకను వదిలేసి చెట్లలోకి పారిపోయింది.

ఎలీషబా భయపడతా ఎర్రోడి రొమ్ము మీద చెయ్యి పెట్టింది. గుండె నిదానంగా కొట్టుకుంటా ఉంది. కుక్క మళ్లీ పడుకొని కళ్లు మూసుకుంది.

నెల దాటినాక డాక్టరు నెత్తురు చూసి, పిల్ల పురుగు ఒక్కటీ లేదన్నాడు. తర్వాత నేల వైపు చూసి, "నీడ ఏదమ్మా?" అని అడిగినాడు.

"మేకల కాడ ఉండాదయ్యా."

"మంచిది. దోమలకు పొగ మాత్రం మానొద్దు."

పురుగులు పోయినా ఊపిరితిత్తులు పూర్తిగా బాగుపడలేదు. ఎర్రోడు మళ్లీ గుట్ట ఎక్కలేదు. ఇస్సాకు నీడను వెంటబెట్టుకొని మేకల్ని తోలుకుపోయేవాడు. తోడేళ్లు ఆ దిక్కుకు రావడం మానేసినాయి. పొద్దు వాలేసరికి తోక లేని నీడ మందను మళ్లించుకొని వాలు దిగి వచ్చేది. ఎర్రోడు గడప కాడ లేచి మెల్లగా దానికి ఎదురు నడిచేది. దాని వెనక నేల మీద తోక నీడ ఒక్కటే ఆడుతా ఉండేది.