విప్పిన పడవ

దాలయ్య పడవను సున్నపు బట్టీలో పెట్టి కాల్చేశారు. నేను కళ్లారా చూశాను. కంట్రాక్టరు నరసింగరావు మనుషులు పలకలు మంటలోకి తోస్తుంటే, ఆ పడవకు తండేలుగా, అంటే నడిపే పెద్దగా, తలపండిన ముసలి దాలయ్య ఇసుకలో కూలబడ్డాడు. ఆయన కోడలు గున్నమ్మ మాత్రం దుమ్మెత్తి పోసింది.

“మీ సేతులు పడిపోనూ! మా కూడు కాల్సేస్తన్నార్రా!”

కాలేజీ తమ్ముళ్లూ, మిల్లుల్లో పనిచేసే అన్నలూ, ఈ కథ మీకే చెబుతున్నాను. నేను ఏసురాజుని, మిషను పేట వాణ్ణి. ఇది అరవై ఎనిమిదిలో మాట. స్టీమరు వచ్చినప్పుడు గోదాము నుంచి నీళ్ల దాకా గోగునార కట్టలు మోసే కూలీలం మేము. స్టీమరు ఒడ్డుకు రాదు, దూరంగా లంగరేస్తుంది. అక్కడికి సరుకు చేర్చేవి కుట్టుపడవలు. మేకులు కొట్టిన పడవ మా కెరటాలకు పగిలిపోతుంది. అందుకని పలకల్ని కొబ్బరితాడుతో కుడతారు. వానలు రాగానే కుట్లు విప్పి పలకలు ఇసుకలో పేరుస్తారు, మార్గశిరంలో మళ్లీ కుడతారు. కుట్టి పసుపు రాసేదాకా దాన్ని పడవ అనకూడదు. అంటే సముద్రం విని, ఆ పడవ నాకిమ్మంటుందట!

కొంప ముంచింది ఆ ఆచారమే. ఆషాఢంలో పెద్దాఫీసరు జీపులో వచ్చాడు. ఈ ఒడ్డు రేవుగా ఉండాలా, ఊడ్చేసి గెస్టుహౌసూ పార్కూ కట్టాలా అన్నది తేల్చడానికట. పక్కన నరసన్నపేట నుంచి వచ్చిన నరసింగరావు. ఆఫీసరు దాలయ్యను పిలిచి అడిగాడు.

“ఇక్కడ పడవలున్నాయా?”

“నేవు బాబూ. సెక్కలే ఉన్నాయి.”

అప్పుడు నరసింగరావు మొహం వెలిగిపోవడం చూడాలి! పడవల్లేని రేవెందుకన్నాడు ఆఫీసరు. జీపు వెళ్లిపోయింది. భాద్రపదానికల్లా మా ఇసుకలో గూటాలు దిగాయి. అడ్డమని అక్కడ పేర్చిన పలకలన్నీ బట్టీకెక్కించారు, అందరికన్నా ముందు దాలయ్యవి.

గోదాము ముందు మీటింగు పెట్టాం. మాతో మూటలు మోసే జగన్నాధం మొదటే అడ్డం తిరిగాడు.

“పడవలోళ్ల గోల మనకేటి? గెస్టుహౌసు కడితే ఇటుకలు మోస్తాం. మూటయితేనేటి, ఇటుకయితేనేటి?”

సగంమంది తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

“కట్టడం ఎన్నాళ్లురా? అయిపోయాక ఆ పార్కులో బెంచీ మీద నిన్ను కూకోనిస్తారా? కర్రుచ్చుకుని తరుముతారు!”

“అంతవరకూ నా పిల్లలు ఏటి తింటారు, సెప్పు.”

దాలయ్య నెత్తి కొట్టుకున్నాడు.

“నా పాడు నోరే అందర్నీ ముంచేసింది.”

“నోటితో పోయింది సేత్తో తెద్దాం మావా,” అంది గున్నమ్మ. “మన పక్కింటి బుల్లమ్మ పెరట్లో దాసిన దాని పడవ సెక్కలున్నాయి. ఇప్పుడే కుడదాం. ఆఫీసరు శంకుస్థాపనకి వస్తాడు కదా, కళ్లతో సూడనీ.”

“తుపాన్ల నెల్లో కుట్టకూడదే!” అన్నాడు దాలయ్య.

“మార్గశిరానికి మనల్ని ఇక్కడుండనిస్తారా?”

దాలయ్య తాడు తెమ్మన్నాడు.

గూటాల నడుమే మొదలెట్టాం. కుట్టడానికి పడవ లోపలొకరు, బయటొకరు కావాలి. లోపలివాడు తాడందిస్తే బయటివాడు కాళ్లు తన్నిపెట్టి లాగాలి. అంటరానోళ్లమని మా పేట వాళ్లను పడవ ముట్టనిచ్చింది ఏనాడూ లేదు. ఆ పొద్దు లోపల దాలయ్య, బయట నేను. ఆడవాళ్లు తాడు పేనారు. గొణుక్కుంటూనే జగన్నాధం కూడా వచ్చి పలకల సందుల్లో గడ్డి కూరాడు.

ఒక పక్క కుట్టడం పూర్తయ్యేసరికి పోలీసు వ్యాను వచ్చింది.

“కొండల్లో గిరిజనుల గొడవ చాలదా, ఇక్కడ కూడానా?” అన్నాడు ఎస్సై. “ఏంట్రా ఇది?”

రెండో పక్క ఇంకా కుట్టలేదు. పసుపూ రాయలేదు. దాలయ్య సముద్రం వైపొకసారి చూశాడు.

“పడవ,” అన్నాడు.

లాఠీ నెత్తిన పడింది. రక్తం కారుతుండగానే ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. నరసింగరావు మనుషులు కత్తులతో కుట్లు పరపరా కోసి, పలకలు బట్టీకి మోసుకుపోయారు. ఓలమ్మా, బుల్లమ్మ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది!

మర్నాటి నుంచి సగంమంది ఇటుకల పనికి పోయారు. జగన్నాధమూ పోయాడు. తప్పని ఎలా అనను? దాలయ్య ఏమయ్యాడో స్టేషన్లో ఎవరూ చెప్పలేదు.

శంకుస్థాపన రోజు షామియానా వేశారు. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. గూటాల నడుమ తెగిన తాడుముక్కలు తప్ప ఏమీ లేవు. నరసింగరావు మావైపు తిరిగి నవ్వాడు.

“సారు ముందు మీరే చెప్పండి. ఇక్కడ పడవలున్నాయా?”

గెలుస్తామన్న ఆశ నాకప్పుడు లేదు, అబద్ధమెందుకు, ఇప్పుడూ లేదు. చెక్క కూడా మిగల్లేదు. గున్నమ్మ ఒంగి ఒక తాడుముక్క తీసుకుంది.

“ఉన్నాది,” అంది.

“ఎక్కడే?”

“ఉన్నాది,” అన్నాను నేను. బుల్లమ్మ అంది. వెనక ధబ్బుమని చప్పుడైతే తిరిగి చూశాం. జగన్నాధం ఇటుకల తట్ట కింద పడేశాడు.

“ఉన్నాది!” అని అరిచాడు.

లాఠీలు లేచాయి. మేం అంటూనే ఉన్నాం.