పలకల పొయ్యి ముందు ఒక నిమిషం

శనివారం పొద్దున తొమ్మిదింటికే ఇవెలీనా గ్రంథాలయం మేడ మీద హాల్లో కుర్చీలన్నీ వేసేసింది. వేసినవాటిని మళ్ళీ జరిపింది. న్యాయనిర్ణేతలు ఒకరి పక్కన ఒకరు కూచోకూడదని నిబంధనల పుస్తకంలో ఉంది. మరి ఎక్కడ కూచోవాలో మాత్రం లేదు. ఒకర్ని కిటికీ దగ్గర, ఒకర్ని తలుపు దగ్గర, ఇంకొకర్ని పియానో వెనక అనుకుంది. పియానో వెనక కూచుంటే ఏం కనిపిస్తుందని ఇంకోసారి జరిపింది.

పోటీ ఉపన్యాసాలది కాదు. బయటినుంచి ఒకాయన వచ్చి ఓ ఉపన్యాసం ఇస్తాడు. పోటీదారులు ముగ్గురూ అది విని, పక్క గదిలో అయిదు నిమిషాలు రాసుకుని, ఒక్కొక్కరే వచ్చి, ఆయన ఎక్కడ బాగా మాట్లాడాడో ఎక్కడ తడబడ్డాడో మూడు నిమిషాల్లో చెప్పాలి. ఎవరు బాగా చెబితే కప్పు వాళ్ళది. డాన్యూబ్ నది ఒడ్డునున్న రూసె ఊళ్ళో ఈ పోటీ జరగడం ఇదే మొదటిసారి. నడిపించేది ఇవెలీనా.

డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయింది ఆ పిల్లకి. పదకొండు ఇంటర్వ్యూలకి వెళ్ళింది. పదకొండు చోట్లా "మీ గురించి చెప్పండి" అనగానే నోరు ఎండిపోయింది. ఆ భయం పోతుందనే ఈ ఉపన్యాసాల క్లబ్బులో చేరింది. పోయిన నెల రాజధాని సోఫియా నుంచి కరాజోవా మేడమ్ ఫోన్ చేసింది. ఈ పోటీకి ప్రధాన న్యాయనిర్ణేత ఆవిడే. ఆవిడకి సోఫియాలో శిక్షణ కేంద్రం కూడా ఉంది. "పోటీ పద్ధతిగా నడిపించు అమ్మాయ్, మా దగ్గర ఉద్యోగం నీదే," అంది.

అది చేతికి రాకముందే ఇంకో ఉద్యోగం వచ్చి కూచుంది. డాన్యూబ్ రేవులో పడవల రాకపోకలు మైకులో చెప్పాలి. కాగితాలు చూసే ఎంచుకున్నారు, ఇక ఫోన్లో గొంతు వినాలన్నారు. శనివారం మధ్యాహ్నం పన్నెండులోపు ఏ సంగతీ చెప్పకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతివాళ్ళకి పోతుంది. ఇవెలీనా "థాంక్స్, నాకు వేరే అవకాశం వచ్చింది" అని ఫోన్లో రాసి పెట్టుకుంది. పంపలేదు. కరాజోవా మేడమ్ అందరి ముందూ ఆ మాట అనగానే నొక్కేద్దామని.

"ఇదిగో అమ్మాయ్, దీపాలు," అంటూ త్సాంకో వచ్చాడు. గడియారాలు బాగుచేసే మనిషి, క్లబ్బులో టైము చూసేది ఆయనే. టేబుల్ ల్యాంపులు మూడు తెచ్చి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాగితాలు చుట్టాడు. "రెండు నిమిషాలకి పచ్చది. రెండున్నరకి పసుపు. మూడుకి ఎరుపు. మూడున్నర దాటితే?"

"పోటీలోంచి తీసేయాలి బాబాయ్."

"మాట్లాడాక నిమిషం సేపు చప్పట్లు వద్దంటున్నావట. నిజమేనా?"

"తొమ్మిదో నిబంధన. ప్రతి పోటీదారు తర్వాతా నిమిషం నిశ్శబ్దం. న్యాయనిర్ణేతలు మార్కులు వేసుకోవాలి కదా."

త్సాంకో మూలనున్న ఆకుపచ్చ పలకల పొయ్యి వైపు చూశాడు. గోడలకి గది వెచ్చబెట్టే రేడియేటర్లు పెట్టినప్పట్నించీ దాన్ని ఎవరూ వెలిగించలేదు. "దాని సంగతి రాశారా అందులో?"

"లేదు."

"అయితే ఆ పుస్తకం రాసినవాడు మన హాలు చూళ్ళేదన్నమాట."

ఆ హాల్లో ఎవరు మాట్లాడినా, ఆ వెంటనే సద్దు లేకుండా ఉంటే, వాళ్ళు చెప్పకుండా మింగేసింది మొదటి నిమిషంలోనే పొయ్యి చెప్పేస్తుంది. అదీ వాళ్ళ గొంతుతోనే. ఆ నిమిషం చప్పట్లలో గడిచిపోతే మాత్రం ఊరుకుంటుంది. అందుకే రూసె క్లబ్బులో ఎవరు మాట్లాడినా నిమిషానికి తక్కువ కాకుండా చప్పట్లు కొడతారు. వేరే ఊళ్ళవాళ్ళు అది చూసి ఎంత మంచి మనసులో అనుకుంటారు. మంగలి షాపు నడిపే స్తొయాంకా పిన్ని మీటింగు రోజుల్లో అరచేతులకి క్రీము రాసుకుని మరీ వస్తుంది.

ఇంకో తలనొప్పి ఉపన్యాసం ఇచ్చే మనిషి. పోటీదారులెవరికీ తెలియనివాడై ఉండాలట. రూసెలో అలాంటివాణ్ణి ఎక్కడని తెస్తుంది? బడి పంతులుని అడిగితే ఆయన మొదటి పోటీదారు స్తొయాంకా దగ్గరే క్షవరం చేయించుకుంటాడు. రొట్టెలాయన్ని అడిగితే ఆయన పళ్ళన్నీ కట్టింది రెండో పోటీదారు, డాక్టర్ ఓగ్నియానే. చివరికి ముప్ఫయ్యేళ్ళు సరుకుల పడవ మీదే బతికిన ల్యూబెన్ దొరికాడు. నేల మీద ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. "నాకు మాట్లాడ్డం రాదమ్మా," అన్నాడాయన. "అదే కావాలి," అంది ఇవెలీనా. తర్వాత అలా అనొచ్చో లేదో అని రెండు రోజులు మథనపడింది.

పదింటికి కరాజోవా మేడమ్ రైలు దిగి నేరుగా వచ్చింది. బూడిదరంగు కోటు, పెద్ద చేతిసంచి. పొయ్యిని చూసి, "మా బళ్ళోనూ ఇలాంటిది ఉండేది. పరీక్షల వారం దుప్పటి కప్పేవాళ్ళం," అని తన కుర్చీలో కూచుంది.

ల్యూబెన్ చేపల పులుసు గురించి మాట్లాడాడు. ఏ చేప ఎప్పుడు వేయాలో, పడవ ఊగుతుంటే కుండ ఒలక్కుండా ఎలా పట్టుకోవాలో చెప్పాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. ఉపన్యాసకుడికి చప్పట్లు కొట్టొచ్చు, ఇవెలీనా మూడుసార్లు చదివి చూసింది. పోటీదారులు పక్క గదిలోకి వెళ్ళారు. అయిదు నిమిషాలయ్యాక కాగితాలు తీసేసుకోవాలా, పిలిచినప్పుడు తిరిగివ్వాలా అన్నది గుర్తురాక ఇవెలీనా గుమ్మంలో నిలబడి పేజీలు తిప్పింది. మణికట్టుకి ఊళ్ళో అందరిలాగే మార్చి ఒకటిన శుభానికని కట్టుకున్న ఎరుపూ తెలుపూ దారాన్ని తెగేలా మెలిపెట్టింది.

మొదట స్తొయాంకా వచ్చింది. గొంతు బాగుందంది, ఇంకాస్త నెమ్మదిగా చెప్పాల్సిందంది. పసుపు దీపం మీద ముగించింది. చేతులు పైకి లేపబోతున్న జనాన్ని ఇవెలీనా అరచెయ్యి చూపించి ఆపింది.

హాలంతా నిశ్శబ్దం. పొయ్యి స్తొయాంకా గొంతుతో మొదలెట్టింది. "మొదటి రెండు నిమిషాలూ నేను విన్లేదు. ఈయన జుట్టు ఎవరు కత్తిరించారా అనుకుంటూ కూచున్నా. చెవి దగ్గర మెట్లుమెట్లుగా చెక్కేశారు పాపం."

ల్యూబెన్ చెవి తడుముకున్నాడు. న్యాయనిర్ణేతలు కాగితాల్లోంచి తలెత్తలేదు.

రెండో వంతు డాక్టర్ ఓగ్నియాన్‌ది. బ్రహ్మాండంగా మాట్లాడి, ఎర్రదీపం వెలిగిన క్షణానే ఆపాడు. ఇవెలీనా అరచెయ్యి లేచింది. పొయ్యి డాక్టర్ గొంతుతో, "కిందటేడు వార్నా పోటీలో నేను గెలిచానని ఇంట్లో చెప్పా. గెలవలేదు. ఆ కప్పు కొన్నా," అని మొదలెట్టి, ఏ కొట్లో కొన్నాడో, పేరు చెక్కించడానికి ఎన్నాళ్ళు పట్టిందో దాదాపు నిమిషం చెప్పింది. మూడో వరసలో డాక్టర్ భార్య జున్ను పెట్టి కాల్చిన బానిత్స తుంచి నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది.

త్సాంకో స్టాప్ వాచీ చేతిలో పట్టుకుని వంగాడు. "అమ్మాయ్, నోటితో మూడు నిమిషాలు. పొయ్యిది కలిపితే మూడూ ముప్పావు. ఇది లెక్కలోకొస్తుందా?"

ఇవెలీనా నిబంధనల పుస్తకం తెరిచింది. పేజీలు తిప్పింది. మళ్ళీ మొదటికి తిప్పింది. నిశ్శబ్దంలో తను మాట్లాడొచ్చో లేదో కూడా తెలీలేదు. చూసి చూసి కరాజోవా మేడమే వెనకనుంచి అంది. "నోటితో చెప్పిందే లెక్క. రాసుకోండి."

మూడోది ప్లమేనా, మ్యూజియంలో చూడ్డానికొచ్చినవాళ్ళని తిప్పి చూపించే అమ్మాయి. ల్యూబెన్ వైపు తిరిగి, "పులుసు ఎలా వండాలో చెప్పారు. ఎవరికి వండారో చెప్పలేదు. నాకు రెండో నిమిషంలోనే బోరు కొట్టింది. పదో వాక్యంలో మీరు ఎవర్నో తలుచుకుని ఆగారు. ఆ ఆగడం ఒక్కటే నాకు గుర్తుంది. ఈసారి అక్కణ్ణించే మొదలుపెట్టండి," అంది. కూచుంది. అరచెయ్యి లేచింది. అందరూ పొయ్యి వైపు చూశారు. పొయ్యి నోరు మెదపలేదు. నిమిషం నిండాక త్సాంకో వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందో లేదో చూసుకున్నాడు.

కప్పు ప్లమేనాకే వచ్చింది. ఇవెలీనా పేరు తప్పులేకుండా చదివింది. గోడ గడియారంలో పదకొండూ నలభై అయిదు. జేబులో ఫోన్ మీద బొటనవేలు పెట్టుకుని నిలబడింది.

అప్పుడు కరాజోవా మేడమ్ లేచి ముందుకొచ్చింది. "చాలా పోటీలు చూశాను. ఇంత పద్ధతిగా నడిచింది చూళ్ళేదు. ఈ అమ్మాయి భయపడుతూనే అన్నీ సరిగ్గా చేసింది. ఇలాంటివాళ్ళకి మా కేంద్రం తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఇవెలీనా, సోఫియా నీకోసం ఎదురుచూస్తోందమ్మా," అంది. అని, చప్పట్ల కోసం నవ్వుతూ నిలబడింది. నిశ్శబ్దం పోటీదారులకే, న్యాయనిర్ణేత మాటలకి కాదు. ఆ సంగతి ఆవిడకి కంఠతా వచ్చు.

జనం చేతులు లేపారు. ఇవెలీనా చెయ్యి కూడా లేచింది. చప్పట్లకి కాదు. పొద్దుట్నించీ ఎవరు మాట్లాడ్డం ఆపినా లేచి లేచి అలవాటైపోయిన అరచెయ్యి, ఇప్పుడూ తనంతట తనే లేచి అందర్నీ ఆపేసింది. త్సాంకో కూడా అలవాటుగా వాచీ నొక్కేశాడు.

తప్పు చేశానని ఇవెలీనాకి అప్పుడే తట్టింది. చెయ్యి దించాలా, దించితే నవ్వుతారా, ఇప్పుడు చప్పట్లు కొట్టమనాలా. ఏదీ తేలేలోపు పొయ్యి కరాజోవా మేడమ్ గొంతుతో, కాస్త అలసటగా, చెప్పడం మొదలెట్టింది.

"ఆ ఉద్యోగం సోమవారమే మా అక్క కొడుక్కి ఇచ్చేశాను. ఈ పిల్లకి ముందే చెబితే పోటీ వదిలేసి వెళ్ళిపోతుందేమోనని చెప్పలేదు. ఓ రెండు నెలలయ్యాక ఫోన్ చేసి, ఖాళీ లేదని చెబుదాంలే అనుకున్నా. ఈలోగా మర్చిపోతుంది."

మేడమ్ చేతిసంచి తెరిచి, జేబురుమాలు వెతుక్కుంటున్నట్టు చెయ్యి లోపలికంటా పెట్టింది. నిమిషంలో ఇంకా ముప్ఫై సెకన్లున్నాయి. స్తొయాంకా క్రీము రాసుకున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

నోటితో చెప్పిందే లెక్క. ఆ లెక్కన సోఫియా తనకోసం ఎదురుచూస్తోంది. ఆవిడ అన్నది, అందరూ విన్నారు. మరి ఈ రెండోది? ఇవెలీనాకి ఏడవాలో, క్షమాపణ అడగాలో తెలీలేదు. ఎవరు ఎవర్ని అడగాలో అంతకన్నా తెలీలేదు.

నిమిషం నిండింది. త్సాంకో పెన్సిలు చెవి వెనకనుంచి తీసి, కాగితం మీద ఆనించి, పిల్ల వైపు చూశాడు.

"అమ్మాయ్, మరి ఇది లెక్కలోకొస్తుందా?"

ఇవెలీనా పుస్తకం మూసి పియానో మీద పెట్టింది.

"వస్తుంది బాబాయ్."

త్సాంకో ఆ ఊరి అలవాటు ప్రకారం సరేనని తల అడ్డంగా ఊపి రాసుకున్నాడు. ఇవెలీనా మెట్ల మీదికి వచ్చి, రాసిపెట్టుకున్న మెసేజి చెరిపేసి, రేవు ఆఫీసుకి ఫోన్ చేసింది. లోపల అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి, ఎవరికోసమో తెలీదు.

"హలో," అన్నారు అవతల. "మీ గురించి చెప్పండి."

పన్నెండుకి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. ఇవెలీనా చెప్పడం మొదలెట్టింది.