మంచాలుంటే ఇల్లేనా?

వైటూకే భయం తీరిపోయి, అమెరికా నుంచి కంప్యూటర్ పనులు వరదలా వచ్చిపడుతున్న రోజులవి. పరాయి దేశంలో, రాఫెల్స్ ప్లేస్‌లో భువన పనిచేసే మేడ ఎంత ఎత్తంటే, పై అంతస్తులో ఎవరైనా తుమ్మితే ఆ తుమ్ము కిందికి దిగేలోపు జలుబే తగ్గిపోయేది. అంత ఎత్తున కూర్చుని ఆ పిల్ల, ఎన్నడూ చూడని ఊళ్లలో తుపాకి ఎక్కడికి వెళ్లొచ్చో, ఎక్కడికి వెళ్లకూడదో తేలుస్తోంది.

అమెరికాలో ఒక రాష్ట్రం. లైసెన్సున్నవాడు నడుముకి తుపాకి పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు, సర్కారు భవనాల్లోకి తప్ప. ఏది సర్కారు భవనమో భువన రాసిన ప్రోగ్రాం చెబుతుంది. అది అవునంటేనే గుమ్మానికి నిషేధం బోర్డు పడుతుంది. చట్టంలో ఒక మెలిక ఉంది: సర్కారు సొంతమైనా సరే, జనం కాపురముండే ఇల్లయితే నిషేధం వర్తించదు.

అదేం పెద్ద చిక్కుగా తోచలేదు భువనకి. బిషాన్‌లో తానుండే ఫ్లాటు కట్టించింది గవర్నమెంటే. అలాగని దాన్ని ఎవరైనా ఆఫీసంటారా? మంచాలుంటే ఇల్లు, లేకపోతే సర్కారు భవనం అని రాసిపారేసింది. టెస్టింగులో అన్నీ పాసయ్యాయి.

ప్రోగ్రాం డెలివరీకి ముందు రోజు సాయంత్రం ట్రైన్ దిగి వస్తుంటే, ఫ్లాట్ల కింద స్తంభాల మధ్య బెంచీ మీద పక్కింటి లలితకుమారి కనబడింది. ఒళ్లో పాప, కాళ్ల దగ్గర సంచీ. పెదవి చిట్లి ఉంది.

"ఏంటక్కా, ఇక్కడ కూర్చున్నారు?"

"ట్యాక్సీ కోసం. మొగుళ్లు కొట్టిన ఆడవాళ్లకి చోటిచ్చే షెల్టరుందట. ఇవాళ్టికి అక్కడే పడుకుంటాం."

"మీ ఆయన అక్కడికీ వస్తే?"

"గుమ్మంలో వాచ్‌మన్ ఆపేస్తాడటమ్మా. ఆ ధైర్యంతోనే పోతున్నా."

సంచీ ట్యాక్సీలో పెట్టాక భువనకి తట్టింది. అలాంటి షెల్టర్లు తన జాబితాలోనూ ఉన్నాయి. అన్నీ సర్కారువే, అన్నిట్లోనూ మంచాలున్నాయి. తన ప్రోగ్రాం వాటినన్నిటినీ ఇళ్లలో కలిపేసింది.

పొద్దున్నే మేనేజర్ కృష్ణప్రసాద్ ముందు నిలబడింది. "ఇవాళ పంపొద్దు సార్. షెల్టర్లన్నీ తప్పు పడ్డాయి."

"అమ్మా తల్లీ, క్లయింటే ఓకే అన్నాక నీకేంటమ్మా? రాత్రికి రాత్రి లాయరువైపోయావా?"

"తప్పు నాదే సార్. తలదాచుకునే చోటుని కాపురమనుకున్నా."

"ఇవాళ పోకపోతే ప్రాజెక్టు ఇంకోడు ఎగరేసుకుపోతాడు. ఇక్కడ పనిచెయ్యడానికి నీ పాస్ రెన్యూవల్ నా చేతిలో ఉంది, గుర్తుందా?"

"గుర్తుంది సార్. తుపాకితో మొగుడొస్తే ఆపడానికి అక్కడి వాచ్‌మన్‌కి ఆ బోర్డే ఆధారం. నేను మాత్రం సరేననను."

ఆయన ఎదుటే సీట్లో కూర్చుని క్లయింటుకి మెయిల్ కొట్టింది. అక్కడింకా ఎవరూ ఇళ్లకి పోలేదేమో, జవాబు వెంటనే వచ్చింది: ఆపండి, అవి సర్కారు భవనాలే, సరిచేసి పంపండి.

కృష్ణప్రసాద్ అది చదివి కళ్లద్దాలు తీశాడు. వేళాకోళమంతా ఎటో పోయింది.

"సరిచెయ్. అదయ్యాక ఇంకో చోట పని చూసుకో. నీ పాస్‌కి నేను సంతకం పెట్టను."

భువన తల ఊపి, జాబితాలో మొదటి షెల్టరు తెరిచింది. మధ్యాహ్నం ఆఫీసులో వాళ్లంతా మకాన్‌కి, అదే భోజనానికి, లేచి వెళ్లారు. ఆమె లేవలేదు.