మునగాల్సిన పార్కు

వాన వెలిసేసరికి వీధంతా మోకాలి లోతు నీళ్లు. పార్కు మాత్రం తన మీద పడ్డ వానను ఇసుక పొరల్లోకి తాగేసి, పచ్చగా నవనవలాడుతోంది. దాన్ని గీసి కట్టించిన డిజైనరమ్మకు ఆ పచ్చదనం చూడగానే తల కొట్టేసినట్టయింది.

రోడ్డు కంటే నిలువెత్తు లోతున తవ్వించిన పార్కు అది. గట్టి వాన పడితే వీధి నీరంతా నడుమెత్తు అంచు రాళ్ల మధ్య వదిలిన తూముల్లోంచి అందులోకి దిగాలి, మెల్లగా ఇంకిపోవాలి. ఇళ్లు బతకాలంటే పార్కు మునగాలి, అంతే లెక్క. కానీ ప్రారంభోత్సవం ముందు నాలుగు చినుకులు పడి కొత్త గడ్డి మీదికి బురద దిగింది. పెద్దలొచ్చే వేళకు గడ్డి మాసిపోతే ఎలాగని తూములకు రాళ్లు అడ్డం పెట్టించి సిమెంటు పూయించింది ఆమే. రిబ్బను తెగింది, ఫోటోలు దిగారు, చప్పట్లు మోగాయి. పెళ్లి హడావిడిలో పుస్తె కట్టడం మరిచినట్టు, రాళ్లు తీయించడం మటుకు మరిచిపోయింది.

ఇప్పుడు వీధివాళ్లంతా పరుపులతో, పిల్లలతో ఆ గడ్డి మీదే ఉన్నారు. ఆ వీధిలోనే ఉండే పిన్ని ఆమెను చూసి పొంగిపోయింది.

"ఇదిగో, మా అక్క కూతురు. ఈ పిల్లే లేకపోతే మనకు కూర్చునే చోటుండేదా?"

ఎవరో చేతులు జోడించారు. ఒక ముసలాయన జరిగి చోటిచ్చాడు. భూమి చీలితే దూరిపోదామనిపించింది ఆమెకు. పిన్నిని పక్కకు తీసుకెళ్లింది.

"మునగాల్సింది పార్కు, పిన్నీ. మీ ఇళ్లు కాదు. ఫోటోల కోసం తూములు మూయించాను."

పిన్ని చీర అంచు ఇంకా నీళ్లోడుతోంది. దాన్ని పిండి, చుట్టూ చూసింది.

"సరేలే. నోరు జారకు. ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండనీ."

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకే ఆమెకు అసలు సిగ్గు పుట్టింది. అంతవరకూ పడ్డది దాని ముందు ఏపాటి?

రాళ్లు తీస్తేనే ఇళ్లలోంచి నీళ్లు దిగుతాయి. తీయాలంటే వీళ్లను లేపాలి. ఎందుకని అడిగితే చెప్పడానికి అబద్ధం నాలుక చివరే ఉంది.

"అందరూ పార్కు అవతలి ఎత్తు గట్టు మీదికి వెళ్లండి," అంది. "ఈ నీళ్లు ఇక్కడికి రావలసినవి. మీ ఇళ్లలోకి పంపింది నేనే, గడ్డి మాయకూడదని."

ఎవరూ తిట్టలేదు. పరుపులు ఎత్తుకుని, ఆమెకు తగలకుండా తప్పుకుంటూ ఒక్కొక్కరే మెట్లెక్కారు. అందరికంటే చివర పిన్ని వెళ్లింది, ఆమె వైపు చూడకుండా.