యాభై నంబరు నూనె

హమద్ టౌన్‌లో ఇళ్లు లేస్తున్న రోజుల్లో నేను అక్కడ రెండేళ్లు ఇటుకలు మోశాను. తర్వాత నాకు వీసా ఇచ్చి రప్పించుకున్న అరబ్బు యజమాని, కఫీల్, నన్ను కంపెనీలోకెల్లా పాత పికప్‌కు డ్రైవర్‌ని చేశాడు. నయీమ్ పేట నుంచి సైటుకు మంచినీళ్ల డబ్బాలు చేరవేయడం నా పని. పొద్దున్నే ఆ సీట్లో కూర్చుంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు. పలచని మంచులో రోడ్డూ, ఖర్జూరపు తోటలూ తేలుతూ ఎదురొచ్చేవి. నేను బండి నడుపుతున్నానో, బండే నన్నెత్తుకుపోతోందో చెప్పలేను. మావాళ్లకు గల్ఫంతా దుబాయే; ఆ దుబాయికొచ్చి సుఖపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అనిపించేది.

ఆ సుఖానికి కఫీలే నిప్పు పెట్టాడు, అదీ మంచి మనసుతో. తన కొత్త కారు కోసం తెచ్చుకున్న ఇంజను నూనె డబ్బా ఒకటి నా చేతికిచ్చి, "నా కారు తాగేదే ఇదీ తాగనీ" అన్నాడు వచ్చీరాని హిందీలో. కఫీల్ ఇస్తే కాదనే ధైర్యం నాకెక్కడిది? పాతది తీసేసి అది పోశాను. మూడో రోజుకల్లా ఇంజను టకటకా కొట్టుకోసాగింది. సిగ్నల్ దగ్గర ఆగితే, ఇంజనుకు నూనె అందడం లేదని చెప్పే దీపం స్టీరింగ్ ముందు ఎర్రగా మిణుకుమనేది.

"గురువారం నేనే ఎక్కి వింటాను. ఈ చప్పుడుంటే బండి తుక్కుకు, నువ్వు ఇటుకలకు" అన్నాడు కఫీల్. తనిచ్చిన నూనె మాట మాత్రం ఎత్తలేదు. పెద్దవాళ్లకు ఆ సౌకర్యం ఉంటుంది.

నయీమ్ సందులో మెకానిక్ ఎలియేజరన్న షెడ్డుకు పరిగెత్తాను. రాజోలు మనిషి.

"అన్నా, క్యాంపుల అందరు గేర్ల నూనె పొయ్యుమంటున్నరు. చప్పుడు బందైతదట."

"అవుద్ది తమ్ముడూ. చప్పుడూ బందవుద్ది, ఇంజనూ బందవుద్ది" అన్నాడాయన. "అరిగిపోయిన ఇంజనిది. లోపల సందులు పెరిగాయి. కొత్త కార్లకు పోసే పల్చటి నూనె వాటిల్లో నిలవదు, జారిపోద్ది. చిక్కటిదే కావాలి. నలభై నంబరో, యాభయ్యో. ఇదివరకు ఏం పోసేవారు?"

"నాకు ముందు బండి తోలిన నర్సింలుకే ఎరుక. ఆయన ఇంటికి వొయ్యిండు."

"పోనీ, అప్పట్లో చప్పుడెలా ఉండేది?"

నోటితో ఎలా చెప్పను? అప్పుడు క్యాసెట్ గుర్తొచ్చింది. డ్రైవరైన మొదటిరోజు, ఉత్తరం బదులు టేపులో మాట్లాడి మా ఆవిడ గౌరవ్వకు పంపాను. చివర్లో టేపు రికార్డరును బానెట్ మీద పెట్టి బండి స్టార్ట్ చేశాను. ఆమె రెండో వైపు తన కబుర్లు నింపి అదే క్యాసెట్ తిప్పి పంపింది.

మేముండే క్యాంపుకెళ్లి దాన్ని తెచ్చి, షెడ్డులోని టేపు రికార్డరులో వేశాను. చచ్చేంత సిగ్గేసింది. బండి కంటే ముందు, "నువ్వు లేక నిద్ర వడ్తలేదు గౌరీ" అని నా గొంతే ఏడుస్తోంది. ఎలియేజరన్న తల వంచుకుని, శుభ్రంగా ఉన్న స్పానర్‌నే మళ్లీ తుడుచుకున్నాడు.

తర్వాత ఇంజను పలికింది. ఇద్దరం కళ్లు మూసుకున్నాం. గరగరలాడే ఆ టేపులోంచి నా పొద్దుటి రోడ్డు, మంచు, తోటలు అన్నీ మెల్లగా లేచి వచ్చాయి. షెడ్డులో ఉన్నానన్న సంగతే మరిచాను.

"విన్నావా?" అన్నాడు ఎలియేజరన్న. "స్టార్ట్ కాగానే ఒక్క క్షణం టకటకమంది, ఆనక సద్దుమణిగింది. నూనె చిక్కగా ఉండి పైకెక్కడానికి ఆ క్షణం పట్టింది. యాభై నంబరే. పొద్దున్నే తొందరపెట్టకు, కాసేపు తిరగనియ్యి."

అప్పటికప్పుడే యాభై నంబరు పోయించుకున్నాను. గురువారం కఫీల్ నా పక్కన కూర్చుని బానెట్ వైపు చెవి పెట్టాడు. మొదటి సిగ్నల్ దాకా నేను ఎర్ర దీపం వైపే చూస్తూ నడిపాను. ఆ తర్వాత తోటలొచ్చాయి. ఎండ వాటి మీద పాలలా పరుచుకుంది. పక్కన కఫీల్ ఉన్నాడన్నది ఎప్పుడు మరిచానో తెలియదు.

"ఖలాస్! ఆపు!" అన్నాడు.

బండి పక్కకు తీశాను. ఇటుకల బరువు అప్పుడే భుజానికి తెలుస్తోంది.

"బండిని కాదు, నీ పాట ఆపు. నువ్వు మొదలెట్టాక నాకు ఇంజను వినబడటం లేదు."

నేను పాడుతున్నానా? ఇంట్లో గానీ, చేలో గానీ, చివరికి నా పెళ్లిలో గానీ ఏనాడూ నోరు విప్పి పాడినవాణ్ణి కాదు. బిత్తరపోయి నోరు మూసుకున్నాను. ఇద్దరం విన్నాం. ఇంజను నిమ్మళంగా తిరుగుతోంది. ఎర్ర దీపం వెలగలేదు.

"యల్లా, పోనీ" అన్నాడు కఫీల్.

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. కొంత దూరం పోయాక ఆయనే, "ఇక పాడుకో" అన్నాడు.

పాడదామని చూశాను. ఒక్క ముక్క కూడా రాలేదు.