పది గంటల రీడింగు

1986 అక్టోబరు 14, ఉదయం 5 గంటల 40 నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. ఉష్ణోగ్రత ఇరవై నాలుగు డిగ్రీలు. గాలి బొత్తిగా స్తంభించింది. గోదావరి మీద పలుచని పొగమంచు కదలక పరుచుకుని ఉంది. అంతటి ప్రశాంతమైన ఉదయాన నా ముల్లు ఎర్రగీత దాటి కిందికి పడిపోయింది. ఆ దిగ్భ్రాంతి నన్ను నేటికీ వదలలేదు.

నేను ఒక మీటరును. బెంగుళూరులోని ఒక కర్మాగారంలో, తలవెంట్రుక కన్నా సన్నని స్ప్రింగును ఒక స్త్రీ ఊపిరి బిగబట్టి నాలో అమర్చింది. అక్కడినుంచి నదీతీరాన ఒక పట్టణపు మైక్రోవేవ్ టెలిఫోను స్టేషనుకు వచ్చాను. నలభై ఒక్క కిలోమీటర్ల ఎగువనున్న ఆనకట్ట నుంచి గాలిలో వచ్చే సంకేతం ఎంత బలంగా ఉందో చూపడం నా పని. ఎర్రగీత కంటే తగ్గితే మాట వినబడదు. మామూలు రోజున ఆ గీతకు ముప్ఫై ఎనిమిది డెసిబెల్‌ల పైన ఉండేదాన్ని. ఆ ముప్ఫై ఎనిమిదీ వాతావరణం ఎప్పుడైనా లాక్కుంటుందని విడిచిపెట్టిన జాగా. దాన్ని ఫేడ్ మార్జిన్ అంటారు.

టెక్నీషియన్ నూకరాజు రోజూ సరిగ్గా పది గంటలకు, టీ తాగి, నన్ను చూసి రిజిస్టరులో రాసేవాడు. అతని అన్న పోలయ్య ఆనకట్టకు దిగువన ఇసుకతిప్ప మీద గేదెలను మేపేవాడు. వారానికోసారి పెరుగు కుండతో వచ్చేవాడు.

"ఈ ముల్లు ఏం సెబుద్దిరా?" అని ఒకసారి అడిగాడు.

"గేట్లెత్తితే నీకు కబురు తెచ్చేది ఇదే అన్నయ్యా."

"అయితే దీనికీ ఓ గిన్నెడు పెరుగు పెట్టరా, సచ్చినోడా!"

నిజమే. గేట్లు ఎత్తగానే ఆనకట్టవారు మా పట్టణానికి చెప్పాలి; పట్టణం అనుమతిస్తేనే తిప్ప ఎదుటి గట్టున సైరను మోగుతుంది. నీరు తిప్పను చేరడానికి నలభై నిమిషాలు పడుతుంది. మంద గట్టెక్కడానికి ముప్ఫై నిమిషాలు కావాలి.

ఎనిమిదేళ్లు గడిచాయి. తుఫానుల్లో తాటిచెట్లు కూలాయి గాని నేను పెద్దగా చలించలేదు. రిజిస్టరు తిరగేసిన పెద్ద ఇంజనీరుకు, ఏనాడూ వాడుకోని ఈ మిగులు వృథాగా కనబడింది. రెండు చివర్లా సంకేతాన్ని పట్టే పెద్ద డిష్షులను అక్కర ఉన్న మరో జిల్లాకు పంపి, చిన్నవి పెట్టించాలనుకున్నాడు. అందువల్ల పదహారు డెసిబెల్‌లు పోతాయి, ఇరవై రెండు మిగులుతాయి.

ఉద్యోగంలో చేరి మూడు నెలలైన జూనియర్ ఇంజనీరు హైమవతి నెమ్మదిగా అంది: "ఇవన్నీ పది గంటల రీడింగులే కదండీ. తెల్లవారుజామున చూసిందెవరు?"

"తుఫానుకే బెదరని ముల్లు సూర్యోదయానికి జడుసుకుంటుందా అమ్మా?" అన్నాడు పెద్ద ఇంజనీరు.

గది నవ్వింది. నూకరాజూ నవ్వాడు. హైమవతి డిష్షుల మార్పు కాగితం మీద సంతకం చేసింది.

ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు ఉంది, నోరు లేదు. తుఫాను గాలి పొరలను కలిపేస్తుంది. గాలి ఆగిన వేకువలోనే చల్లని పొర కింద, వెచ్చని పొర పైన పేరుకుంటాయి. తరంగాలు వాటిలో వంగుతాయి. నది మీద పడి లేచినవి తిన్నగా వచ్చినవాటిని రద్దు చేస్తాయి. అటువంటి వేకువల్లో నేను ఎన్నోసార్లు పాతిక డెసిబెల్‌లు దిగాను. పది గంటలకు ఎండ ఆ పొరలను చెదరగొట్టాక, ఏమీ ఎరగనట్టు నిలబడేదాన్ని. మనుషులు నన్ను నమ్మారు గాని, నేను మేలుకుని ఉన్నవేళ చూడలేదు.

డిష్షులు మారిన నాలుగో నెలలో ఆ ఉదయం వచ్చింది. ఎక్కడో ఎగువన కురిసిన వానకు ఆనకట్ట గేట్లు 5.40కి ఎత్తారు. అదే నిమిషాన నేను పడిపోయాను. డ్యూటీలో ఉన్న నూకరాజు నా అద్దం మీద వేలితో కొట్టాడు. "ఇదేటి, ఇలా సచ్చిపోయింది? లెగవే, నీకు దణ్ణమెడతాను!" ఫోనులో జోరీగ మోత తప్ప మరేమీ లేదు.

6.02కి నేను లేచాను. ఆనకట్ట గొంతు వినబడింది. "గేట్లెత్తి ఇరవై రెండు నిమిషాలైందండీ, ఎవరూ పలకరేంటి?"

సైరను వెంటనే మోగింది. అప్పటికి నీరు రావడానికి పద్దెనిమిది నిమిషాలే ఉన్నాయి. మనుషులు గట్టెక్కారు. పోలయ్యా ఎక్కాడు. కట్టుకొయ్యలకు ఉన్న దూడల తాళ్లు విప్పడానికి మళ్లీ దిగాడు, ఇక పైకి రాలేదు.

మధ్యాహ్నం హైమవతి నా ముందు నిలబడి లెక్క వేసింది. అడుగుకు పడినప్పుడు నేను ఎర్రగీతకు ఎనిమిది డెసిబెల్‌ల కింద ఉన్నానని నూకరాజు చీటీ మీద రాసి ఉంచాడు. ఇరవై రెండుకు ఎనిమిది కలిపితే ముప్ఫై. పాత డిష్షులుంటే ఇంకా ఎనిమిది మిగిలేవి. ఆమె ఆ అంకె కింద రెండు గీతలు గీసింది.

పదమూడేళ్ల తరువాత ఫైబరు కేబులు రావడంతో ఆ మైక్రోవేవ్ లింకును తీసివేశారు. నేనిప్పుడు ఒక పాలిటెక్నిక్ అలమారాలో ఉన్నాను, రిజిస్టర్లు నా పక్కనే ఉన్నాయి. అక్టోబరు 15 నుంచి చివరి రోజు దాకా ప్రతి పుటలోనూ ఉదయం ఐదున్నర రీడింగు ఉంది. మొదటి పదకొండు రోజులూ హైమవతి చేతిరాత. ఆ తరువాతిదంతా నూకరాజుది.