కాలరు వెనక లేబుల్

ఆ నాలుగంతస్తుల బట్టల షాపులో ఆడవాళ్ళ సెక్షన్ ఇన్‌చార్జి ఉద్యోగం ఖాళీ అయింది. పదకొండేళ్ళుగా అక్కడే అమ్ముతున్న బుడ్డక్కకి కాక ఇంకెవరికి ఇస్తారని అందరూ అనుకున్నారు. నాలుగడుగుల ఏడంగుళాల మనిషికి ఆ పేరు పెట్టినవాడెవడో గాని, వాడి నోరు పడిపోను, చేరిన రెండో రోజుకే అది అంటుకుపోయింది. పిలిస్తే నవ్వుతూ పలికేది. నవ్వకపోతే ఉడుక్కుంటోందంటారు మరి.

ఇన్‌చార్జి అయితే ఏ కొలతల సరుకు తెప్పించాలో రాసిచ్చే అధికారం వస్తుంది. బుడ్డక్కకి కావలసింది అదే.

అక్కడొక పద్ధతి ఉంది. ఇన్‌చార్జి కాబోయేవాళ్ళు ఆ షాపులో అమ్మే కోటు వేసుకుని యజమాని ముందుకు రావాలి. కత్తెర పడకూడదు, మడిచి కుట్టకూడదు. తన సరుకు ఎవరికైనా ఇట్టే సరిపోతుందని ఆయన గొప్ప. స్వయంగా కుట్లు చూసి, కాలరు తిరగేసి లేబుల్ చదివాకే మాట మొదలెడతాడు.

ఎవరికైనా అట! ఆ లెక్కలో బుడ్డక్క ఏనాడూ లేదు.

వారం రోజులు మధ్యాహ్నం భోజనం మానుకుని ట్రయల్ రూములో దూరింది. అన్నిటికన్నా చిన్న కోటు కూడా భుజాలు దాటి జారింది, చేతులు వేళ్ళను మింగేశాయి, అంచు మోకాళ్ళకు తగిలింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నట్టయింది. కాలేజీ చదివే కూతురున్న మనిషి అద్దంలో అమ్మ కోటు తొడుక్కున్న పిల్లలా కనబడుతోంది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

పిల్లల సెక్షన్‌లో చూడమని కూతురు అంటే కసురుకుంది. తెల్లారి తనే వెళ్ళి చూసింది. ముదురు నీలం కోటు ఒకటి భుజాల మీద చక్కగా కూర్చుంది. లేబుల్ మీద కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో 'వయసు 12' అని ఉంది. లేబుల్ కత్తిరిస్తే అసలుకే మోసం. పెద్దాయనకి చూపు ఆనదులే అని గుండె దిటవు చేసుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. యజమాని ఆవిడ చుట్టూ తిరిగి చూశాడు. ఇంత చక్కగా సరిపోయిన కోటు ఈమధ్య చూడలేదని మెచ్చుకున్నాడు. కాలరు తిరగేశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, చిన్న అక్షరాలు కూడా చదివాడు. నవ్వినా బాగుండేది, నవ్వలేదు.

"మన ఆడవాళ్ళ సెక్షన్‌లో నీకే సరిపోయేది లేకపోతే, అక్కడ నువ్వేం నిలబడతావమ్మా?"

"పదకొండేళ్ళు నిలబడ్డానండి. నాలాంటివాళ్ళు రోజూ వచ్చి ఉత్తచేతులతో పోతున్నారు. చిన్న కొలతలు తెప్పిద్దామనే ఈ ఉద్యోగం అడిగాను."

"ఆ సైజు మన దగ్గర ఇంతవరకు ఒక్కటీ అమ్ముడుపోలేదు కదా."

"ఒక్కటీ పెట్టలేదు కదండీ."

ఎదురు చెప్పినందుకు ఆయన కోప్పడలేదు. పైగా దయ చూపించాడు. ఆడవాళ్ళ సెక్షన్‌కి రెండేళ్ళ కిందట చేరిన పొడుగమ్మాయిని వేసి, బుడ్డక్కని పిల్లల సెక్షన్‌కి ఇన్‌చార్జిని చేశాడు. ఆ కోటుకి ఆ చోటే తగిందన్నాడు. అందరూ అభినందించారు. కోటి విద్యలూ కూటికొరకే, ఆవిడ దండం పెట్టి ఒప్పుకుంది. ఆ చేతులు విరిచేసుకోవాలనిపించింది.

సోమవారం మధ్యాహ్నం ఒకావిడ మెట్లు దిగి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, బుడ్డక్క కన్నా ఒక వేలెడు పొట్టి. పైన ఆడవాళ్ళ సెక్షన్ నుంచి పంపించారంది. ఆఫీసుకి వేసుకునేలాంటి కోటు కావాలంది. ఎవరికని అడగకముందే తనే చెప్పింది.

"మా అమ్మాయికి. పన్నెండేళ్ళు."

"మీ అంత ఉంటుందా అమ్మా?"

"అంతే ఉంటుంది." ఆవిడ తల ఎత్తలేదు.

బుడ్డక్క నీలం కోటు తీసి చేతికిచ్చింది. కొలత తెలుస్తుంది, అమ్మాయి బదులు మీరే ఒకసారి వేసుకు చూడండని చెప్పింది. ఆవిడ ట్రయల్ రూములోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాక, పిల్లలెవరూ ఆ తలుపు కొట్టకుండా అడ్డంగా నిలబడింది.